ఎవరినీ దాటించక్కర్లేని పడవ

సియాటిల్ దగ్గర ఉంటున్న ఒక పాఠకురాలు రాసిన ఉత్తరం ఇది. ఆరు పేజీలుంది. ఊళ్ల పేర్లు, మనుషుల్ని గుర్తుపట్టే వివరాలు తీసేసి కుదించి ఇస్తున్నాను.

ఆమెకు 43 ఏళ్లు. ఆస్పత్రి ల్యాబ్‌లో ఉద్యోగం. భర్తది సాఫ్ట్‌వేర్. 15 ఏళ్ల బాబు, 11 ఏళ్ల పాప. 2020లో, కరోనా వల్ల ఎక్కడికీ కదలడానికి లేని వేసవిలో, వీళ్లు ఒక పాత తెరచాప బోటు కొన్నారు. 27 అడుగులది, చిన్న డీజిల్ ఇంజన్, లోపల నలుగురు సర్దుకుని పడుకోవచ్చు. మొదటి రెండేళ్లూ శనివారం వస్తే చాలు, నీళ్ల మీదే. సాయంత్రం లంగరు వేసి, చిన్న స్టవ్ మీద ఉప్మా చేసుకుని, నీళ్లలో సీల్ తల పైకెత్తి చూస్తుంటే పిల్లలు కేకలు పెట్టేవాళ్లట.

ఇప్పుడు ఆ ఉత్సాహం లేదు. మెరీనాలో బోటు నిలిపే అద్దె పెరిగింది. చలికాలమంతా వర్షం, లోపల బూజు. ఇంజన్‌కి నీళ్లు తోడే రబ్బరు ఇంపెల్లర్ రెండుసార్లు పోయింది. టాయిలెట్ ట్యాంకు ఖాళీ చేయించుకోవాలంటే పంపు దగ్గర గంట క్యూ. ఎక్కిన ప్రతిసారీ లైఫ్ జాకెట్ల విసుగు. బాబు ‘బోర్’ అని రావడం మానేశాడు. భర్త సెప్టెంబరులోగా అమ్మేద్దామంటున్నాడు.

అసలు సంగతి ఇది కాదు. ఈ వేసవిలో ఆమె నాన్నగారు కోనసీమ నుంచి వచ్చి మూడు నెలలున్నారు. ఆయనకు 74 ఏళ్లు. చిన్నప్పుడు కాలువల్లో ధాన్యం పడవల మీద పనిచేశారు, తర్వాత పాతికేళ్లు గోదావరి రేవులో పడవ నడిపారు. రేవుని వేలంపాటలో పాడుకున్న కాంట్రాక్టరు వేరే, ఈయన కూలీకి. వంతెన వచ్చాక రేవు మూతపడింది.

ఒక ఆదివారం ఆయన్ని బోటెక్కించారు. సరస్సు నుంచి సముద్రంలోకి వెళ్లాలంటే బ్యాలర్డ్ దగ్గర లాకులు దాటాలి. అంటే తలుపులు మూసి, నీళ్లు నింపో దించో పడవని ఒక మట్టం నుంచి ఇంకో మట్టానికి చేర్చే గదులు. ఆయన వాటిని చూడగానే, “ఇయ్యి లాకులే కదమ్మా” అన్నారట. పెద్ద లాకులో నీళ్లు దిగుతున్నప్పుడు మనవడు తాడుని బిగించి ముడేయబోతే, ఏమీ అనకుండా చెయ్యి అడ్డం పెట్టి, ఆ తాడుని ఒక్క చుట్టు చుట్టి, నీళ్లతో పాటు వదులుతూ నిలబడ్డారట. ఆ సాయంత్రం లంగరు వేశాక చాలాసేపు ఊరికే కూర్చుని ఒకే మాట అన్నారు: “ఎవర్నీ దాటించక్కర్లేని పడవమ్మా ఇది.”

ఆమె రాస్తున్నారు: “ఆ మాట విన్నప్పటి నుంచి బోటెక్కితే గొంతులో ముద్ద దిగడం లేదు. ఆయన పడవ మాకు అన్నం పెట్టింది. నా పడవ నా జీతం తింటోంది. పైగా నేను దాని గురించి సణుగుతాను. నెలకి ఎంతవుతుందని ఆయన అడిగితే అన్నీ కలిపి 800 డాలర్లు అవుతుంటే, ఓ మూడొందలు అని అబద్ధం చెప్పాను. ఆయన లెక్క కట్టుకుని ‘పాతిక వేలు’ అన్నారు. ఇంకేమీ అనలేదు. ఊళ్లో ఉన్న మా చెల్లెలు, నేను పెట్టిన ఫొటో చూసి, ‘మీకేం అక్కా, పడవలున్నాయి. ఇక్కడ నాన్నని వారం వారం ఫిజియోథెరపీకి తీసుకెళ్లేది నేను’ అని మెసేజ్ పెట్టింది. ఆ ఫొటో కింద నేను రాసింది ‘ఈ జీవితానికి కృతజ్ఞతలు’ అని. నాకు నిజంగానే కృతజ్ఞత ఉందండీ. అయినా అది తప్పులా ఎందుకనిపిస్తోంది? బోటు అమ్మేస్తే ఈ భారం పోతుందా? నాన్న నన్ను తిట్టారా?”

చివర్లో ఇంకో చిన్న సంగతి రాసి, దాని గురించి మళ్లీ ఏమీ అనలేదు. తాతగారు పాపకి ఒక ముడి నేర్పారు. ఇప్పుడు పాప బోటు కట్టేటప్పుడు అదే వేస్తోంది. దాని పేరు మాత్రం ఇంట్లో ఎవరికీ తెలియదు.

*

మీ నాన్నగారి మాటతోనే మొదలుపెడతాను. మీరు దాన్ని చాలాసార్లు తలుచుకుని ఉంటారు. ఇంకొక్కసారి నెమ్మదిగా వినండి. ఆయన “దాటించని పడవ” అనలేదు. అలా అని ఉంటే అది తప్పు పట్టడమే. “దాటించక్కర్లేని పడవ” అన్నారు. ఆ ‘అక్కర్లేని’ అన్న మాటలో నాకు తిట్టు వినిపించడం లేదు.

నేను యానాం ఇవతల పెరిగినదాన్ని. 2002లో ఎదుర్లంక వంతెన రాకముందు మాకు పంటు అనే పెద్ద రేవు పడవే దిక్కు. బస్సూ, లారీ, గడ్డిమోపులూ, పెళ్లివాళ్లూ అన్నీ దాని మీదే. మేం ఒడ్డున నిలబడి ఆలస్యమైందని కేకలేసేవాళ్లం. పడవ నడిపేవాళ్ల ముఖం ఎలా ఉండేదో ఇప్పుడు గుర్తు చేసుకుంటే, వాళ్లు ఒక్కనాడూ నదిని చూస్తూ కూర్చోలేదు. వాళ్ల చూపంతా ఎక్కినవాళ్ల మీదే. ఒకే పక్కకి ఎంతమంది జరిగారు, చంటిపిల్ల తల్లి ఎక్కడ కూర్చుంది, గాలి ఎటు తిరిగింది, ఇదే చూసేవారు. అర్ధరాత్రి పురిటి నొప్పులతో ఎవరో రేవులోకొచ్చి కేకేస్తే లేవాలి. వరద రోజుల్లో దాటించనంటే తిట్లు, దాటిస్తే భయం. పాతికేళ్లు నీళ్ల మీదున్న మనిషికి, నీళ్లని ఊరికే చూసే వీలు 74వ ఏట దొరికింది. అదీ కూతురి పడవలో.

నేను ఆ మాటను అలా వింటున్నాను. నేను పొరపాటు పడుతూ ఉండొచ్చు. ఆయన గొంతు విన్నది మీరు, నేను కాదు. కానీ ఆయన్ని అడక్కుండానే మీరు తీర్పు రాసేసుకున్నారు. ఆ తీర్పు మీద ఇప్పుడు బోటు అమ్మాలా వద్దా అని ఆలోచిస్తున్నారు. ముందు ఆయన్ని అడగాలి. “నన్ను తిట్టావా నాన్నా” అని అడిగితే మాత్రం “ఛ, లేదమ్మా” అంటారు, సంగతి అక్కడితో ఆగిపోతుంది. రేవు గురించి అడగండి. కాలువ పడవల మీద ఉన్నప్పుడు లాకుల దగ్గర ఎంతసేపు ఆగేవారో అడగండి. ఆయన చెబుతూ చెబుతూ ఆ సాయంత్రం దగ్గరికి తనే వస్తారు, లేదంటే రారు. రాకపోయినా, మీకు ఆయన పని గురించి ఇప్పటిదాకా తెలియని సంగతులు నాలుగు తెలుస్తాయి.

అబద్ధం సంగతి. అది చిన్నదే, ప్రేమతో ఆడిందే. కానీ మీ గొంతులో ముద్ద దిగకపోవడానికి సగం కారణం ఇదేనని నాకు అనిపిస్తోంది. మూడొందలు అని చెప్పిన నిమిషం నుంచి మీరు ఆయన ముందు దోషిలా నిలబడ్డారు. ఆ తర్వాత ఆయన ఏం మాట్లాడినా తీర్పులాగే వినిపిస్తుంది. నిజం చెప్పేయండి. “నాన్నా, ఆరోజు సిగ్గేసి తక్కువ చెప్పాను, ఎనిమిది వందలవుతుంది” అనండి. ఆయన “డబ్బు దండగ” అనొచ్చు. అననివ్వండి. కూలీ డబ్బులు లెక్కపెట్టి ఇల్లు నడిపిన మనిషికి ఆ మాట అనే హక్కుంది, విన్నాక కూడా బోటు ఉంచుకునే హక్కు మీకుంది.

ఇప్పుడు చెల్లెలు. మీరు ఆమె మెసేజ్‌ని అసూయ అనలేదు. అందుకు మిమ్మల్ని మెచ్చుకుంటున్నాను. కానీ మీరు దాన్ని బోటు మీద ఫిర్యాదుగా తీసుకున్నారు. ఆమె బోటు గురించి అనలేదని నా నమ్మకం. ఫిజియోథెరపీకి వారం వారం తీసుకెళ్లేది తానని అంది. అడిగింది డబ్బూ కాదు, మీరు పంపుతున్నారని మీ ఉత్తరంలోనే ఉంది. ఆమె చేస్తున్న పనిని ఎవరైనా చూడాలి, అంతే. మీరు బోటు అమ్మేసి ఆ డబ్బు పంపినా, వారం వారం ఆటో మాట్లాడి నాన్న మోకాళ్లు పట్టుకుని ఎక్కించేది ఆమే. కాబట్టి ఈ ముడి బోటుతో విడిపోదు. ఆమెకి ఫోన్ చేసి ఆమె వారం ఎలా గడుస్తుందో అడగండి. ఏడాదికి ఒకసారి మీరు నెలరోజులు వెళ్లి ఆ పని మీ చేతుల్లోకి తీసుకుని ఆమెను ఎక్కడికైనా పంపగలరేమో చూడండి. సెలవులు దొరకకపోతే, వారానికి రెండు రోజులు మనిషిని పెట్టే ఖర్చు మీరు భరించొచ్చు. కానీ ఆమెను అడిగి, ఆమె ఒప్పుకుంటేనే. అడక్కుండా పెడితే, నా పని డబ్బుతో కొన్నారనుకుంటుంది.

ఒకవేళ నాన్నకు కావలసిన వైద్యం ఏదైనా బోటు ఖర్చు వల్ల ఆగిపోయి ఉంటే, అప్పుడు కృతజ్ఞత గురించి మాట్లాడుకోవాల్సిన పని లేదు. బోటు రేపే అమ్మాలి. మీ ఉత్తరం బట్టి అలాంటిదేమీ లేదు. అయినా ఒకసారి చెల్లెల్ని నేరుగా అడిగి రూఢి చేసుకోండి. ఆ తర్వాత మిగిలేది అపరాధ భావం మాత్రమే. దానివల్ల నాన్నకు గానీ చెల్లెలికి గానీ ఒరిగేది ఏమీ లేదు.

ఫొటోల గురించి ఒక్క మాట. మీరు గొప్పకి పెట్టలేదని తెలుసు. కానీ లేనివాళ్లకి కనబడేలా ‘ఉన్నందుకు కృతజ్ఞతలు’ అంటే, చదివేవాళ్లకి ‘ఉంది’ అన్న మాటే వినబడుతుంది. ఎవరికి రుణపడ్డామో వాళ్లకి నేరుగా చెప్పుకోవాలి.

ఎవరికి అని అడుగుతారేమో. మా అక్క కూతురు మీ వైపే ఉంటుంది. రెండు వేసవులు అక్కడున్నాను. ఆ బ్యాలర్డ్ లాకుల గట్టు మీద మధ్యాహ్నాలు గడిపాను. 1917లో ప్రారంభించారు వాటిని, ఇప్పటికీ అమెరికా సైన్యపు ఇంజనీర్ల విభాగమే నడుపుతోంది. మీలాంటి చిన్న బోటు వచ్చినా, లారీలంత బార్జి వచ్చినా ఒకే మర్యాద. ఒక్క డాలరు తీసుకోరు. ఆ పక్కనే సాల్మన్ చేపలు ఎక్కడానికి మెట్లు కట్టారు, అద్దాల్లోంచి చూడొచ్చు. మన ధవళేశ్వరం ఆనకట్ట 1847 నుంచి 1852 దాకా కట్టారు, దాని కాలువల మీద లాకులొచ్చాయి. మీ నాన్న చిన్నప్పుడు ధాన్యం పడవతో ఆగింది అలాంటి లాకుల దగ్గరే. ఆయన చేతికి ఆ తాడు ఎలా వదలాలో అక్కడ తెలిసింది, మీ అబ్బాయి చేతికి ఇక్కడ తెలిసింది. బిగించి ముడేస్తే నీళ్లు దిగాక పడవ తాడుకి వేలాడుతుంది. ఆయన చెయ్యి అడ్డం పెట్టింది అందుకే. బ్యాలర్డ్ లాకుల్లో పనిచేసే వాళ్లెవరికైనా ఇది గొప్ప సంగతే. మీరు ఆరోజు అది గమనించారు కాబట్టే నాకు రాయగలిగారు.

ఆ నీటిదారి ఊరికే రాలేదు. 1916లో సముద్రానికి కలిపే కాలువలోకి నీళ్లు వదిలినప్పుడు లేక్ వాషింగ్టన్ సరస్సు దాదాపు తొమ్మిది అడుగులు దిగింది. దక్షిణాన దాని నీళ్లు మోసుకెళ్లే బ్లాక్ రివర్ ఎండిపోయింది. ఆ నది ఒడ్డున బతికిన అక్కడి ఆదివాసులు, దువామిష్ ప్రజల చేపలూ పోయాయి, దారీ పోయింది. ఇది మీరు చేసిన తప్పు కాదు. మీ వారాంతం కింద ఎవరెవరి నీళ్లున్నాయో తెలుసుకుని ఉంటే చాలు. మీ పిల్లలకి ఒకసారి ఆ కథ చెప్పండి, బోటు మీదే.

మీరు రాసిన చిరాకుల జాబితా మళ్లీ చదివాను. టాయిలెట్ ట్యాంకు క్యూ గురించి మీరు చాలా కోపంగా రాశారు. 2018 నుంచి మీ సముద్రపు పాయ పుజెట్ సౌండ్ అంతటా బోట్లు శుద్ధి చేసిన మురుగు కూడా వదలడం నిషేధం. అందుకే ఆ పంపు దగ్గరికి వెళ్లాలి. మీ పాప ఈదే నీళ్లు శుభ్రంగా ఉన్నాయంటే, మీకంటే ముందు ఆ క్యూలో నిలబడ్డ వాళ్లందరి వల్ల. నిజం చెబుతున్నాను, ‘కృతజ్ఞతలు’ అని రాయడం కంటే ఆ గంట సణక్కుండా నిలబడటం ఎక్కువ. ‘సదరన్ రెసిడెంట్’ అనే అక్కడి ఓర్కా తిమింగలాల గుంపు కనిపిస్తే వెయ్యి గజాల దూరం పాటించాలని 2025 నుంచి మీ రాష్ట్రంలో చట్టముంది. పిల్లలకి దగ్గరగా చూపించాలని ఉన్నా పక్కకి తప్పుకోవాలి. అదీ ఇలాంటిదే.

లైఫ్ జాకెట్ల మీద విసుక్కున్నారు, అది మాత్రం ఒప్పుకోను. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర పర్యాటకుల బోటు మునిగింది. మా వైపు ఇళ్లల్లో ఆ వారమంతా అన్నం సయించలేదు. మీ సముద్రంలో నీళ్లు వేసవిలో కూడా చల్లగా ఉంటాయి, ఈత వచ్చినా కాళ్లూ చేతులూ కొద్దిసేపట్లో పట్టు తప్పుతాయి. జాకెట్, వాతావరణ సూచన, బోటు రేడియోలో 16వ ఛానెల్‌లో పిలిస్తే పలికే కోస్ట్ గార్డ్. మీ నాన్న రేవులో ఉన్న ఏ రోజునా ఈ మూడూ ఒకచోట ఉండి ఉండవు. మీ బోటులో ఉన్న నిజమైన భాగ్యం ఇదే.

ఇక బోటు. అమ్మడం తప్పు కాదు, ఉంచుకోవడం తప్పు కాదు. కానీ దేనికది వచ్చే ఫలితాలు వేరు.

భారం దింపుకోవడానికి అమ్మితే, మనసు మీదున్న భారం బోటుతో పోదు. మరో ఖర్చు చేసినప్పుడు అదే భావం వచ్చి కూర్చుంటుంది. ఖర్చు కోసం, పిల్లలు రావడం లేదని అమ్మితే సరే, అది మంచి కారణమే. పాత బోటుకి పెద్ద ధర రాదని మీ ఆయనకు ముందే తెలిసి ఉండాలి. వర్షాలు మొదలయ్యాక కొనేవాళ్లు తగ్గిపోతారు, అందుకే సెప్టెంబరు అంటున్నారనుకుంటాను. తొందరలో ఎవరో ఒకరికి కారుచౌకగా అంటగట్టకండి. చూసుకోలేనివాళ్ల చేతిలో పడ్డ బోట్లే తర్వాత దిక్కులేకుండా మునిగి, ఇంజన్ నూనె నీళ్లలో కలిపేది. వాటిని తీయించడానికే మీ రాష్ట్ర ప్రభుత్వం ఒక కార్యక్రమం నడుపుతోంది.

ఉంచుకుంటే, భార్యాభర్తలు కూర్చుని లెక్క కాగితం మీద పెట్టాలి. ఎనిమిది వందల్లో ఏది తగ్గుతుంది, ఏది తగ్గదు. మీ ఆయనకు ఈ ఉత్తరంలో రాసిన సంగతులేవీ చెప్పలేదని అనుకుంటున్నాను. ఆయన డబ్బు గురించి మాట్లాడుతున్నారు, మీరు నాన్న గురించి ఆలోచిస్తున్నారు. ఇద్దరూ ఒకే బోటు గురించి పోట్లాడుతున్నామనుకుంటున్నారు. ముందు ఆయనకి చెప్పండి.

మధ్య దారి కూడా ఉంది. ఇంకో కుటుంబంతో కలిసి సగం సగం ఉంచుకోవడం. ఖర్చు సగమవుతుంది. అయితే ఎండకాసే శనివారాలు ఎవరివి, ఇంపెల్లర్ పోతే ఎవరు మారుస్తారు అన్నవి ముందే రాసుకోకపోతే స్నేహం చెడుతుంది. తెలుగువాళ్లం ‘మన మధ్య రాతలెందుకు’ అంటాం, అక్కడే తంటా వస్తుంది. లేదంటే అమ్మేసి, బోటెక్కాలనిపించినప్పుడు అద్దెకు తీసుకోవచ్చు. లేక్ యూనియన్ ఒడ్డున సెంటర్ ఫర్ వుడెన్ బోట్స్ అని ఉంది, ఆదివారాలు జనాన్ని ఉచితంగా తిప్పడం వాళ్లకి చాలా ఏళ్ల అలవాటు. అక్కడ స్వచ్ఛందంగా పనిచేయొచ్చు. ఎవర్నీ దాటించని బోటు మిమ్మల్ని అంతగా బాధిస్తుంటే, ఎప్పుడూ నీళ్లెక్కనివాళ్లని నాలుగు గంటలు తిప్పి తీసుకురావచ్చు. మీ సొంత బోటులోనైనా ఆ పని చేయొచ్చు. మీ ఆస్పత్రిలో రాత్రి డ్యూటీలు చేసేవాళ్లలో ఎంతమంది ఆ నీళ్లని ఒడ్డు నుంచి తప్ప చూసి ఉండరు?

నేనైతే ఈ ఒక్క చలికాలం ఆగి చూస్తాను. బాబుని బలవంతం చేయను. పదిహేనేళ్లు అలాంటి వయసు. పాప సంగతి వేరు. మీరు ఉత్తరం చివర్లో ఒక్క వాక్యంలో దాటేశారు గానీ, ఆ వాక్యం దగ్గర నేను చాలాసేపు ఆగాను. పాతికేళ్లు రేవులో ఆయన రోజూ వేసిన ముడి ఇప్పుడు ఒక పదకొండేళ్ల పిల్ల చేతిలో సియాటిల్ డాక్ మీద పడుతోంది. దాని పేరు ఇంగ్లీషులో వెతక్కండి. ఈ ఆదివారం నాన్నకి ఫోన్ చేసినప్పుడు మీరు మాట్లాడాల్సినవి తర్వాత మాట్లాడుకుందురుగాని, ముందు ఫోన్ పాప చేతికివ్వండి. వీడియోలో తాడు చూపించి, “తాతా, దీన్ని మీరు ఏమంటారు?” అని అడగమనండి.